చిరునామాల పుస్తకానికి ఒక్క టెక్స్ట్ ఫైలు

నాకు తెలిసినవారి ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, ఇంటి చిరునామాలు అన్నీ ఒకే సాదా టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. అందులో ఒక మనిషికి ఒక పంక్తి. అది ఎంత పొడవైనా మధ్యలో విరవను. 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన గ్రెప్ అనే ప్రోగ్రాము, అడిగిన మాట ఏ పంక్తిలో ఉంటే ఆ పంక్తి మొత్తాన్ని చూపిస్తుంది కనుక, పేరులో సగం ముక్క ఇచ్చినా ఆ మనిషి వివరమంతా తెర మీదికి వస్తుంది. చిరునామాను కవరు మీద రాసినట్లు నాలుగు పంక్తులుగా విడగొడితే పేరు దొరుకుతుంది, నంబరు దొరకదు.

అసలు సంగతి పంక్తి చివర ఉంది. ఫోన్‌లోని కాంటాక్ట్స్ పేరు, ఇంటిపేరు, సంస్థ అంటూ గళ్లు చూపిస్తాయి గానీ, మనం మనుషులను గళ్ల ప్రకారం గుర్తుపెట్టుకోము. కుళాయి బాగుచేసినాయన పేరు రెండేళ్ల తర్వాత ఎవరికి జ్ఞాపకం ఉంటుంది? అందుకే ఆయన పంక్తి చివర ప్లంబర్, కుళాయి, పైపు, లీకు అని, ఆయనను పరిచయం చేసినవారి పేరు కూడా రాస్తాను. రేపు నాకు ఏ మాట తోస్తుందో ఈ రోజే ఊహించి రాయడం తప్ప ఇందులో వేరే విద్య ఏమీ లేదు.

తెలుగులో రాసుకునేవారికి ఇంకొంత జాగ్రత్త అవసరం. రమేష్ అని రాసి రమేశ్ అని వెతికితే యంత్రానికి అవి రెండు వేరు పేర్లు. కాబట్టి రెండు రూపాలనూ, ఇంగ్లీషు స్పెల్లింగునూ ఒకే పంక్తిలో ఉంచుతాను. పొల్లు తర్వాత కంటికి కనిపించకుండా చేరే జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) మరీ చిక్కు: ఎక్కడి నుంచో కాపీ చేసిన పేరుతో పాటు అది వెతుకులాటలోకి వస్తే, ఎదురుగా ఉన్న పేరు కూడా దొరకదు. కాంటాక్ట్స్‌ను ఫైలుగా దాచే పాత వీకార్డ్ 2.1 పద్ధతిలో ఫోన్ నుంచి దించుకున్న జాబితాలలో తెలుగు పేర్లు తరచుగా సమాన చిహ్నాలూ సంకేతాలూ కలిసిన పొడవాటి గొలుసులుగా వస్తాయి. వాటిని తెలుగు అక్షరాలను అక్షరాలుగానే దాచే యూటీఎఫ్-8 పద్ధతిలోకి మార్చిన తర్వాతే ఫైలులో చేర్చాలి.

నంబర్లను ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో, మధ్యలో ఖాళీ లేకుండా రాస్తాను. అంతర్జాతీయ ప్రమాణమైన ఈ.164 ప్రకారం నంబరు 15 అంకెలకు మించదు కనుక ఇది భారమేమీ కాదు. మారిపోయిన నంబరును చెరిపివేయకుండా దాని పక్కన ‘పాత’ అని చేరుస్తాను. ఎప్పటిదో కాల్ జాబితా తిరగేసినప్పుడు అది ఎవరిదో తెలుస్తుంది.

ఫైలు ఎవరు తెరిచినా చదవగలరు, అందుకని డిస్కును పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్లు ఎన్‌క్రిప్ట్ చేయడం తప్పనిసరి. వచ్చే కాల్ ఎవరిదో ఫోన్ చూపించాలి గనుక తరచుగా మాట్లాడేవారి నంబర్లు అక్కడా ఉంటాయి. కానీ మార్పు వస్తే ముందు దిద్దేది ఫైలునే.