సెగగడ్డ, చీము, ఒక విషం

తొడ మీద చిన్న ఎర్రటి పొక్కుగా మొదలైంది. మర్నాటికి చుట్టూ అంగుళం మేర గట్టిపడి, బట్ట తగిలినా ఓర్చుకోలేనంత సలుపు పెట్టింది. సాయంత్రానికి వణుకుతో జ్వరం, గజ్జల్లో బిళ్లలు. ఆసుపత్రిలో మత్తు సూది వేసి గడ్డ కోశారు. ముందు పచ్చగా చిక్కటి చీము, వెనకే నెత్తురు. నర్సు ఆ గుంటలోకి గాజుగుడ్డ పట్టీని కూరుతూనే ఉంది. గాయం ఎంత లోతో నాకు అప్పుడు అర్థమైంది.

పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోయింది." గడ్డ కన్నా ఆ మాటే ఎక్కువ సలిపింది. రక్తపరీక్షలో చక్కెర మామూలుగానే ఉంది. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అయితే ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉన్నాయి. శక్తి తగ్గితే ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చినట్టు?

చీము పరీక్షలో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా తేలింది, పెన్సిలిన్ జాతి మందైన మెథిసిలిన్‌కు లొంగని రకం. దానికి పీవీఎల్ అనే విషాన్ని తయారుచేసే జన్యువు కూడా ఉందని మరో ప్రయోగశాల చెప్పింది. పూర్తి పేరు ప్యాంటన్-వాలెంటైన్ ల్యూకోసిడిన్. 1932లో దాన్ని వర్ణించిన ఇద్దరి పేర్లు కలిపి పెట్టారు. డాక్టరుగారు రిపోర్టు వెనక బొమ్మ వేసి మరీ చెప్పారు.

సూక్ష్మజీవి చొరబడిన చోటికి ముందుగా చేరేవి న్యూట్రోఫిల్సే. దాన్ని మింగి చంపడం వాటి పని. ఎటు వెళ్లాలో తెలుసుకోవడానికి వాటి ఒంటి మీద సీ5ఏ అనే సంకేతాన్ని పట్టే గ్రాహకాలుంటాయి. ఈ విషం సరిగ్గా ఆ గ్రాహకాన్నే పట్టుకుంటుంది. విషంలో రెండు రకాల ప్రొటీన్లు విడివిడిగా వస్తాయి: ఒకటి కణానికి అతుక్కుంటుంది, రెండోది దాని పక్కన చేరుతుంది. ఒకటి విడిచి ఒకటిగా మొత్తం ఎనిమిది కలిసి కణం పొరకు రంధ్రం పెడతాయి. లోపలి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి. కణం చస్తుంది, సూక్ష్మజీవుల కోసం దాచుకున్న ఎంజైములు ఒలికి పక్కనున్న కండను కూడా తినేస్తాయి. మోనోసైట్లనే మరో రకం తెల్ల రక్తకణాలకూ ఇదే గతి. పొటాషియం తగ్గడాన్ని పసిగట్టి అవి జ్వరం తెప్పించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను వదులుతాయి. ఎలుకల గ్రాహకానికి ఈ విషం సరిగా అతకదు కాబట్టి, వాటి మీద చేసిన ప్రయోగాలు చాలాకాలం ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయట.

అంటే నా తొడలోంచి తీసిన చీములో ఎక్కువ భాగం, పిలవగానే వచ్చి చచ్చిపోయిన నా కణాలే. వాటిని పట్టుకుని బలహీనమైనవని ఎలా అంటాం?

మందుగా క్లిండామైసిన్ ఇచ్చారు. అది బాక్టీరియాను ప్రొటీన్లు తయారుచేసుకోనివ్వదు, విషం కూడా ప్రొటీనే కాబట్టి అదీ ఆగుతుంది. పెన్సిలిన్ జాతి మందులు చాలీచాలని మోతాదులో ఉంటే కొన్ని స్టాఫ్ రకాలు విషాన్ని ఇంకా ఎక్కువ చేస్తాయని ప్రయోగశాలల్లో చూశారు. క్లిండామైసిన్ నా కడుపును మాత్రం అతలాకుతలం చేసింది. విరేచనాలు ఎక్కువైతే వెంటనే రమ్మని ముందే హెచ్చరించారు గానీ అంతదాకా రాలేదు.

అన్నిటికన్నా కష్టం కట్టు మార్చడం. ఎండిన గాజుగుడ్డను ఉప్పునీటితో తడిపి లాగుతుంటే మంచం పట్టె గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఒకరోజు పట్టీకి చీము అంటలేదు. గుంట అడుగున గింజలు గింజలుగా ఎర్రటి కండ కనిపించింది. పైన మూసుకుపోకుండా అడుగు నుంచే పూడాలని నర్సు కట్టు కట్టినప్పుడల్లా చెప్పేది.

దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఈ బాక్టీరియా ఏ హానీ చేయకుండా ఉంటుందట. మా ఇంట్లో అందరి ముక్కుల్లోంచీ నమూనాలు తీస్తే, ఒక్క పొక్కయినా లేనివాళ్లకూ అది బయటపడింది. అందరికీ ముక్కులో బాక్టీరియాను చంపే ముపిరోసిన్ మందు పూత, ఎవరి తువ్వాలు వాళ్లకే. ఎవరి ముక్కు నుంచి ఎవరికి వచ్చిందన్న వాదన ఇంట్లో ఇంకా తెగలేదు.