సోలాపూర్ నుండి ఆలేరు వైపు: మా వంశావళి కోసం వెతికిన అనుభవం

మహారాష్ట్రలో వెనుకబడిన వర్గాల కోటాలో ఇంజనీరింగ్ సీటు కావాలంటే కుల ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు. దానిని జిల్లా పరిశీలన సమితి తనిఖీ చేసి ఇచ్చే ‘వ్యాలిడిటీ’ కూడా కావాలి. పద్మశాలీలమైన మేము అక్కడ ఎస్‌బీసీ (ప్రత్యేక వెనుకబడిన వర్గం) కిందికి వస్తాము. మా అమ్మాయి దరఖాస్తుతో పాటు తండ్రి వైపు వంశావళిని అఫిడవిట్‌గా రాసివ్వాలనీ, 1967 అక్టోబరుకు ముందే మా కుటుంబం మహారాష్ట్రలో ఉన్నదని చూపే కాగితాలు జతచేయాలనీ చెప్పినప్పుడు, మా తాతగారి తండ్రి పేరు దాటి నాకేమీ తెలియదని అర్థమైంది.

నాన్నగారి బడి దాఖలా సులభంగానే దొరికింది. తాతగారిది మాత్రం ఆయన చదివిన మునిసిపల్ బడి పాత రిజిస్టరు నుండి నకలు తీయించవలసి వచ్చింది. జనన మరణాల రిజిస్టరు నకలు చేతికొచ్చాక అది మోడీ లిపిలో, అంటే మరాఠీకి ఒకప్పుడు వాడిన పాత రాతలో, ఉన్నదని తేలింది. కలం ఎత్తకుండా రాసుకుపోయే ఆ గొలుసుకట్టు రాతను చదవగలిగేవారు ఇప్పుడు చాలా తక్కువ మంది; చదివి, దేవనాగరిలో రాసి, సంతకం పెట్టి ఇచ్చే ఒక పెద్దమనిషిని వెతికి పట్టుకున్నాము. కులం గడిలో ఒకచోట ‘పద్మశాలి’, మరొకచోట ‘సాళి’, ఇంకొకచోట ‘తెలంగ’ అని ఉంది. అడిగిన గుమాస్తా ఎవరో, చెప్పిన పెద్ద ఎవరో, ఆ పూట ఏది తోస్తే అది కులమైపోయింది. ఈ మూడూ ఒకే కుటుంబానివని నమ్మించడానికి అన్నింటిలోనూ ఉన్న ఇంటిపేరు, పేట పేరు ఉపయోగపడ్డాయి.

వ్యాలిడిటీ వచ్చింది. పని అయిపోయింది కదా అని తమ్ముడు అన్నాడు. నాకు మాత్రం సోలాపూర్‌కు ముందు ఎక్కడ అన్న ప్రశ్న మిగిలిపోయింది. అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఒక డీఎన్ఏ పరీక్ష చేయించుకుని, మన మూలాలు దక్షిణ భారతంలో ఉన్నాయట అని ఉత్సాహంగా ఫోన్ చేశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మాకు దానికి పరీక్ష అవసరం లేదు.

సికింద్రాబాదు నుండి, సోలాపూర్ మీదుగా వెళ్ళే లైనును కలిసే వాడి జంక్షన్ వరకు రైలు 1874లో నడిచింది. సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. మగ్గం మీద బతకడం కష్టమైన తెలంగాణ నేతగాళ్ళకు ఈ రెండూ కలిసి దారి చూపాయి. నగరం తూర్పు భాగమంతా మావాళ్ళే. ఒక పేటకు భద్రావతి పేరే ఉంది. ఆవిడ సూర్యుని కూతురు, మా కుల మూలపురుషుడు భావనారుషి భార్య. రాఖీ పున్నమినాడు మార్కండేయుని ఊరేగింపు ఆ వీధుల్లోనే సాగుతుంది.

మా పూర్వీకులది తెలంగాణలో ఆలేరు వైపు ఏదో ఊరని మా నాయనమ్మ అనేది. అక్కడ రెవెన్యూ రికార్డుల్లో వెతకవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. సేత్వార్ అనే పాత భూమి సర్వే రిజిస్టరులోనైనా, 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి లెక్కల్లోనైనా కనిపించేది భూమి ఉన్నవాళ్ళే. గుంట మగ్గం, పెంకుటిల్లు తప్ప మరేమీ లేని నేతగాని పేరు అందులో ఉండదు. మా జ్ఞాపకం ఉన్నది కూనపులివారి దగ్గర. పద్మశాలీలను ఆశ్రయించి, మార్కండేయ పురాణాన్ని పటం మీద చూపిస్తూ కథ చెప్పి, త్యాగం అనే కానుక పుచ్చుకునే కులం వారిది. ఏ ఊళ్ళు ఎవరి మిరాశీయో, అంటే ఎక్కడ కథ చెప్పే వంశపారంపర్య హక్కు ఎవరిదో, వాళ్ళలో వాళ్ళకు పంపకాలు ఉంటాయి.

మా వైపు మిరాశీదారైన ముసలాయన నన్ను చూడగానే, “ఏ ఇంటోళ్ళు బిడ్డా, గోత్రమేంది?” అని అడిగాడు. చెప్పగానే లోపలినుండి అట్టలు ఊడిన నోటు పుస్తకం తెచ్చాడు. అది ఆయన తండ్రి పాత పుస్తకం చూసి ఎక్కించుకున్నది. ఊరి వారీగా ఇంటిపేర్లు, పెద్దల పేర్లు, వచ్చిన త్యాగం వరుసగా ఉన్నాయి. మా ఇంటిపేరు పక్కన మా తాతగారి తాత పేరు, దాని కింద “ఇల్లు లేదు, షోలాపూర్ పోయిండ్రు” అని ఉంది. మోడీ నకలులో మా తాతగారి తండ్రికి తండ్రిగా రాసిన పేరూ ఇదే.

పటం కూడా చూపించాడు. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన ఆ చుట్టను కొద్దికొద్దిగా విప్పుతుంటే, ఎర్రటి నేపథ్యం మీద విష్ణువు నాభికమలం, ఆ తామర తూడు నుండి నూలు తీస్తున్న భావనారుషి, ఆయన ఎక్కి తిరిగే పులి వరుసగా వచ్చాయి. చేతులు పడిన అంచుల్లో రంగు పెళుసై రాలుతోంది.

సంస్కృతి, వారసత్వం అని పెద్ద మాటలు వినిపించినప్పుడు నాకు ఇప్పటికీ కొంత ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ పుస్తకాన్ని భద్రపరచినది మేము కాదు, మా దయమీద బతకవలసిన స్థితిలో మేమే ఉంచిన కుటుంబం. సోలాపూర్ వెళ్ళిన తరువాత మా ఇంటి నుండి వారికి ఒక్క త్యాగమూ అందలేదని ఆ పుస్తకమే చెబుతోంది. మరాఠీలో చదువుకున్నాను, తెలుగులో దెబ్బలాడతాను; ఈ రెండింటిలో ఏది నాదని ఎవరైనా అడిగితే రెండూ అనే చెబుతాను. కాని తెలుగువాడినని చెప్పుకునే హక్కుతో పాటు ఈ బాకీ కూడా నాకు వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నాను. వచ్చే రాఖీ పున్నమికి వారి బృందాన్ని పిలిపించి మా పేటలో పటం కట్టించాలని పెద్దలతో మాట్లాడుతున్నాము. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ప్రస్తుతానికి చర్చ ఆగింది.