దవడ కణితుల పుట్టుక గురించి ప్రొటీన్లు చెప్పేది ఎంత?

కడపలో నోటి వ్యాధుల పాథాలజీ చూసే నాకు, దవడ నుంచి తీసిన కణితి ముక్క బల్ల మీదికి వచ్చిన ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: పన్ను ఏర్పడే క్రమంలో ఇది ఏ కణాల నుంచి పుట్టింది?

గర్భంలో ఆరో వారం ప్రాంతంలో నోటి పైపొర మందమై లోపలికి దిగి, మొగ్గగా, టోపీగా, గంటగా రూపు మార్చుకుంటుంది. ఎనామెల్ కట్టే అమెలోబ్లాస్టులు ఈ పొర నుంచే వస్తాయి; పంటి లోపలి డెంటిన్, పల్ప్ మాత్రం పిండంలోని న్యూరల్ క్రెస్ట్ అనే కణాల కట్ట నుంచి వలస వచ్చిన కణాలవి. పని ముగిశాక పొర చెదిరిపోయినా, చిగుళ్లలో సెర్రెస్ శేషాలు, వేరు చుట్టూ మలాసే శేషాలు అనే చిన్న గుంపులు మిగిలిపోతాయి. అరుదైన దంతజనక (పన్ను తయారుచేసే కణజాలం నుంచి పుట్టే) కణితుల్లో చాలావాటికి మూలం ఈ శేషాలేనని భావిస్తున్నాం.

మన దేశంలోనూ నోటి క్యాన్సర్‌పై విశేషంగా పనిచేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ 1955లో వర్ణించిన, ఆయన పేరుతోనే పిలిచే కణితిని తీసుకోండి. కాంగో రెడ్ రంగు వేసిన స్లైడును ధ్రువిత కాంతిలో తిప్పితే, కణాల మధ్య ముద్దగా పేరుకున్న పదార్థం పచ్చి ఆపిల్ రంగులో మెరుస్తుంది, అది అమిలాయిడ్, అంటే తప్పుగా మడతపడి పేరుకున్న ప్రొటీన్. పలు కోణాలున్న కణాల రూపాన్ని బట్టి ఈ కణితి ఎనామెల్ అవయవం (ఎనామెల్ కట్టే గంట ఆకారపు భాగం)లోని మధ్యస్థ పొర నుంచి పుట్టిందని చాలాకాలం నమ్మారు. తర్వాత ఆ అమిలాయిడ్‌ను విశ్లేషిస్తే అందులో ఉన్నది ఓడామ్ అనే ప్రొటీన్ అని తేలింది. దీన్ని సాధారణంగా తయారుచేసేవి, ఎనామెల్ పరిపక్వమయ్యే దశలోని అమెలోబ్లాస్టులు, చిగురును పంటికి అంటిపెట్టే పొర. (అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పిల్లల పళ్లు మచ్చలు పడటంలోనూ దెబ్బతినేది ముఖ్యంగా ఈ పరిపక్వ దశే.)

అంతమాత్రాన ఆ కణితి పరిపక్వ అమెలోబ్లాస్టుల నుంచే పుట్టిందని తేల్చడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం. కణం ఇప్పుడు ఏ ప్రొటీన్ తయారుచేస్తోందో మార్కర్ (ఫలానా ప్రొటీన్ ఉందో లేదో రంగుతో చూపే పరీక్ష) చెబుతుంది కానీ, ఆ కణం ఎక్కడ పుట్టిందో చెప్పదు. అమెలోబ్లాస్టోమా అనే మరో దవడ కణితిలో నక్షత్రాకార కణాలు కాల్‌రెటినిన్ అనే మార్కర్‌కు గోధుమరంగు తేలడం రోగ నిర్ధారణకు ఎంతో సాయపడుతుంది, అయినా దానితోనే మూలాన్ని నిర్ణయించలేం.

జన్యు మార్పులు కూడా ఇదే జాగ్రత్త కోరతాయి. కింది దవడ అమెలోబ్లాస్టోమాల్లో బీఆర్ఏఎఫ్ జన్యువులో వి600ఇ అనే మార్పు, పై దవడవాటిలో ఎస్ఎంఓ జన్యువు మార్పు ఎక్కువగా ఉంటాయని 2014లో వెల్లడైంది. అడినోమటాయిడ్ అనే మరో దంతజనక కణితిలో కనిపించేది కేఆర్ఏఎస్ జన్యువు మార్పు. మూలం నోటి పైపొర నుంచి లోపలికి దిగిన ఒకే దంత పటలమని భావించినా కణితులు ఇంతగా వేరవుతున్నాయి.

అందువల్ల సర్జన్లను కోరేది ఒకటి: ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేసి, ఎక్స్‌రేతో పాటు, ఏ పంటి దగ్గరిదో రాసి పంపండి. గట్టి ముక్కను తొందరపడి ఘాటు ఆమ్లంలో మెత్తబరిస్తే మార్కర్లు పట్టుకోవాల్సిన ప్రొటీన్లే దెబ్బతింటాయి. కాల్షియాన్ని నెమ్మదిగా తీసే ఈడీటీఏ ద్రావణంలో ఆలస్యమైనా అవి చాలావరకు నిలుస్తాయి.