ఆవు ఏ పక్కన ఉండాలి?

న్యూజిలాండ్‌లోని వైకాటో ప్రాంతంలో ఒక డెయిరీ ఫామ్‌లో పనికి చేరిన రెండో నెలలో, వాన ఎడతెరిపి లేకుండా కురుస్తున్న ఒక మధ్యాహ్నం, మేనేజరు పచ్చిక పొలంలో చిత్తడిగా ఉన్న ఒక మూలను చూపించి, దాన్ని ‘ఫెన్స్ ఆఫ్’ చేయమని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటికి నాకు తెలిసిన కంచె పని ఒక్కటే: ఆవులకు ఆ పూట మేతకు సరిపడే ముక్కను కరెంటు తీగతో వేరు చేసి, మందను అందులోకి వదలడం. ఆ ముక్కను అక్కడ ‘బ్రేక్’ అంటారు. కంచె వేసిన చోటు ఆవులదే అన్న అలవాటులో ఉన్న నేను, ప్లాస్టిక్ కడ్డీలు గుచ్చి, చుట్ట నుంచి తీగ లాగి, ఆ మూలను శ్రద్ధగా చుట్టేసి, సాయంత్రం పాలు పితకడం అయ్యాక మందను అందులోకే తోలాను. తెల్లవారేసరికి అక్కడ గడ్డి లేదు; గిట్టల గుంటల్లో నీళ్ళు నిలిచి, నాట్లకు దమ్ము చేసిన మడిలా ఉంది.

మేనేజరు కేకలు వేయలేదు. ‘ఆఫ్ అన్నాను, ఇన్ అనలేదు’ అన్నాడంతే.

‘ఫెన్స్ ఇన్’ అంటే లోపలున్నది బయటికి పోకుండా చుట్టూ కంచె వేయడం. ‘ఫెన్స్ ఆఫ్’ అంటే ఉన్న జాగాలోంచి కొంత భాగాన్ని కంచెతో విడదీసి, అటువైపు ఎవరూ పోకుండా చేయడం. తీగ అదే, కడ్డీలు అవే, ఒక్కోసారి కంచె వెళ్ళే దారి కూడా అదే. మారేదల్లా ఆవు ఏ పక్కన ఉండాలన్నదే. తెలుగులో ‘దాటిపోకుండా’ అనో ‘లోపలికి రాకుండా’ అనో ముందే చెప్పి, ఆ తరువాతే ‘కంచె వెయ్యి’ అంటాం. ఆ ‘కుండా’ చేసే పనిని ఇంగ్లీషు ఒక చిన్న మాటకు అప్పగించి, ‘ఫెన్స్ ఇట్ ఆఫ్’ అని దాన్ని చిట్టచివరికి నెట్టేస్తుంది. నా చెవి మాత్రం ‘ఫెన్స్’ దగ్గరే ఆగిపోయింది. ఆ రాత్రి ఫోనులో ఈ సంగతి విన్న నాన్న, మిరప చేనుకు ఏటా ముళ్ళకంప నాటిన మనిషి, ‘కంచె వెయ్యమన్నప్పుడు ఏవి పోకుండా అని అడగొద్దూ?’ అన్నారు.

అప్పటి నుంచి ఈ మాట ఎక్కడ వినిపించినా ఆవు ఏ పక్కనుందో చూసుకుంటున్నాను. వాగుల వెంట ఉండేది ‘ఆఫ్’ కంచె: మీటరు కంటే వెడల్పైన వాగు గట్టుకు పాడి పశువులు సాధారణంగా 3 మీటర్ల దూరంలో ఉండాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వైకాటోలోనే మౌంగాతౌతారి కొండ ఉంది. సుమారు 3,400 హెక్టార్ల అడవి చుట్టూ 47 కిలోమీటర్ల కంచె కట్టి, ఎలుకలూ ముంగిసల్లాంటి స్టోట్‌లూ చొరబడకుండా చేశారు. అక్కడ కొండ ‘ఫెన్స్‌డ్ ఆఫ్’, ఎలుకలు ‘ఫెన్స్‌డ్ అవుట్’. ఎగరలేని కివి పక్షి నిజానికి ‘ఫెన్స్‌డ్ ఇన్’ అయినా, దాని గురించి ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. ‘ఇన్’ అనగానే బందెలదొడ్డి గుర్తుకొస్తుంది కాబోలు. నాతో గది పంచుకున్న ఫిలిప్పీన్స్ కుర్రాడు మాత్రం, ఒకే యజమానితో ముడిపడిన తన వీసా కాగితాన్ని మడిచి పెట్టెలో పెడుతూ, తన పరిస్థితిని ఆ మాటతోనే చెప్పాడు. దానికి నాకు అర్థం అడగవలసిన అవసరం రాలేదు.

డిసెంబరులో, అక్కడి వేసవిలో, ఆ చిత్తడి మూలకు కర్ర గుంజలు పాతి శాశ్వతమైన కంచె వేశాం. ఈసారి తీగ బిగించే ముందు మందను అవతలికి తోలి, గేటు గొలుసు వేసి వచ్చాను.