కజోల్ అంటే హీరోయిన్ కాదమ్మా

మొన్న మా ఏడో క్లాసు పిల్ల వొకాబ్యులరీ లిస్టు ముందేసుకుని "అమ్మా, కజోల్ తెలుసా నీకు?" అంది. తెలియకపోవడమేంటే, అజయ్ దేవగణ్ భార్య కదా అన్నాను. తల పట్టుకుంది.

ఇది ఇంగ్లీషు క్రియట, cajole. ఇష్టంలేని మనిషిని తియ్యగా మాట్లాడి, కాస్త పొగిడి, విడవకుండా వెంటపడి ఒప్పించడం. ఫ్రెంచి నుంచి 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. పర్స్వేడ్ అయితే వెనక 'టు బై' అంటాం, దీనికి మాత్రం మామూలుగా 'ఇంటూ బయింగ్' అనాలి. అదే బతిమాలి డబ్బులు రాబట్టుకుంటే 'ఔట్ ఆఫ్'. తెలుగులో ఏమంటారంటే, పోపు మాడిపోతోందన్న కంగారులో బుజ్జగించడం అనేశాను.

మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకి బెజవాడ నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో ఉంది, అక్కడ తెల్లారి ఆరు, చేతిలో కాఫీ గ్లాసు. ఇది గెంతుకుంటూ వచ్చి "అమ్మా, స్లీప్‌ఓవర్‌కి ఓకే! నాన్నని బుజ్జగించాను!" అంది.

మా అమ్మకి కాఫీ పొలమారింది. "మీ నాన్నేమన్నా ఉయ్యాల్లో పిల్లాడటే!"

అప్పుడు ఆలోచిస్తే నాకే తట్టింది, బుజ్జగించాలంటే ముందు అవతలివాళ్ళు అలగాలి, లేదా ఏడవాలి. టికెట్ రాని నాయకుల్ని పార్టీ పెద్దలు బుజ్జగిస్తున్నారని పేపర్లో రాస్తారే, అక్కడా ఒక అలక ఉంటుంది. మా ఆయన అలగలేదు, సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడంతే. పోనీ బతిమాలడం అందామా అంటే అందులో పొగడ్త ఉండదు, గడ్డం పట్టుకోవడమే. ఇంగ్లీషువాళ్ళకి ఈ అలకల గొడవ లేదు, ఎవరు ఎవరినైనా కజోల్ చేసేయొచ్చు.

"అసలేం చేశావే?" అంటే, భుజం మీద తల పెట్టి "నాన్నా, నీ దోశ రెస్టారెంట్ దోశకన్నా క్రిస్పీ" అందట. నిన్నటి దోశలు పెనానికి అతుక్కుంటే గరిటెతో గీకింది నేను!

"దాన్ని కాకా పట్టడం అంటారే తల్లీ" అంది మా అమ్మ. కాకా అంటే కాకేనా, మరి పట్టుకోవడమెందుకు అని దీని సందేహం. చిన్నప్పుడు కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ తినిపించిన ఫలితం.

చివరికి లిస్టులో ఆ మాట పక్కన వంకరటింకర తెలుగులో 'కాకా పటడం' అని రాసి ఫోన్‌కి చూపించింది.

"ట కింద ఒత్తేదే?"

"అమ్మమ్మా, కళ్ళజోడు లేకుండా ఎలా కనిపెట్టావు, నువ్వు సూపర్!"

మా అమ్మ మురిసిపోతూ ఒత్తు సంగతి మర్చిపోయింది.