రన్ రన్‌కూ మారింది, మెసేజ్ మెసేజ్‌కూ మారలేదు

నల్లగొండ బత్తాయి మార్కెట్లో కాటా పడగానే రైతు ఫోన్‌కు తూకం, ధర మెసేజ్ పోవాలి. ఒక కమీషన్ ఏజెంటు కోసం పైథాన్‌లో నేను రాసిన పని ఇది. మెసేజ్ పంపే సర్వీసు ప్రతి రిక్వెస్టులో టైమ్‌స్టాంప్, ఒక్కసారే వాడాల్సిన గుర్తు (నాన్స్), వాటన్నిటినీ కలిపి రహస్య కీతో కట్టిన హెచ్‌మ్యాక్ సంతకం అడుగుతుంది.

యూనిట్ టెస్టు అసలు సర్వీసును తాకకూడదని రెస్పాన్సెస్ లైబ్రరీతో మాక్, అంటే ఉత్తుత్తి సర్వీసు పెట్టి, నాన్స్‌తో సహా పూర్తి యూఆర్ఎల్ ఇచ్చాను. ఎన్నిసార్లు నడిపినా కనెక్షన్ ఎర్రరే. నేను రాసిన నాన్స్ ఒకటి, కోడ్ పంపేది ఇంకొకటి. చివరికి యూఆర్ఎల్‌లోని విలువలను పోల్చే క్వెరీ మ్యాచర్‌లో, అన్నీ కలవాలనే స్ట్రిక్ట్ మ్యాచ్ షరతు తీసేసి, ఫోన్ నంబరు, మెసేజ్ మాత్రమే పోల్చమన్నాను. టెస్టు పాసైంది.

మర్నాడు మొదటి రైతుకు మెసేజ్ పోయింది. ఆ తర్వాత ఒక్కరికీ పోలేదు. కనగల్ నుంచి రెండు టన్నుల కాయ తెచ్చిన మా బాపు పొద్దుగూకేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

సర్వీసు చెప్పిన కారణం, ఆ నాన్స్ ఇప్పటికే వాడేశారని. నమ్మబుద్ధి కాలేదు. నాన్స్ కోసం నేను వాడిన యూయూఐడీ4లో 122 బిట్లు యాదృచ్ఛికంగా వస్తాయి, మళ్లీ అదే ఎలా పడుతుంది? మిర్యాలగూడలో ఉండే మా సీనియర్ అన్నకు ఫోన్ చేశాను.

"తమ్మీ, ఏదొచ్చినా సరే అని రాసినవ్. మరి ఏం వచ్చిందో చూసినవా? మారేటియి ముందు నీ చేతిల వట్టుకో" అన్నాడు.

ఫ్రీజ్‌గన్‌తో గడియారం ఆపితే టైమ్‌స్టాంప్ నిలబడింది. నాన్స్ నిలబడలేదు, అది గడియారం నుంచి కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే యాదృచ్ఛిక బైట్ల నుంచి పుడుతుంది. టెస్టులో యూయూఐడీ4నే ప్యాచ్ చేశాను, అంటే దాని బదులు నేనిచ్చిన విలువ వచ్చేలా పెట్టాను. ఫలితం లేదు. ఆ పేరును ఇంపోర్ట్ చేసుకున్న మాడ్యూల్లో ప్యాచ్ చేయాలని గుర్తొచ్చి అదీ మార్చాను. అయినా నేనిచ్చిన విలువ రిక్వెస్టులోకి రాలేదు.

అప్పుడు ఫంక్షన్ మొదటి లైను చదివాను. నాన్స్‌ను డిఫాల్ట్ ఆర్గ్యుమెంటుగా, అంటే పిలిచేటప్పుడు ఏమీ ఇవ్వకపోతే వాడే విలువగా రాసి, యూయూఐడీ4ను అక్కడే పిలిచాను. డిఫాల్ట్ విలువను పైథాన్ ఆ మొదటి (డెఫ్) లైను నడిచినప్పుడు ఒక్కసారే లెక్కిస్తుంది. నా ప్యాచ్ పడేసరికే ఆ లెక్క అయిపోయింది. టెస్టు నడిపినప్పుడల్లా ప్రోగ్రాం కొత్తగా మొదలవుతుంది, కొత్త నాన్స్ కనిపిస్తుంది. అది చూసి మెసేజ్ మెసేజ్‌కూ మారుతోందనుకున్నాను.

డిఫాల్ట్‌ను ఖాళీగా (None) మార్చి, నాన్స్‌ను ఫంక్షన్ లోపల పుట్టించాను. మాక్ ఇప్పటికీ వదులుగానే పోలుస్తుంది, అది తప్పని నేననను. కానీ పోల్చకుండా వదిలినవాటిని రెస్పాన్సెస్ దాచి ఉంచే కాల్స్ జాబితాలోంచి బయటికి తీస్తున్నాను. ఇద్దరు రైతులకు పంపి రెండు నాన్స్‌లు వేరో కాదో చూస్తాను. ఆ రిక్వెస్టులో పోయిన విలువలతోనే సంతకం మళ్లీ కట్టి పోలుస్తాను. అసలు కోడ్‌లోని సంతకం ఫంక్షన్‌ను మాత్రం అక్కడ వాడను, అందులో తప్పుంటే రెండు చోట్లా అదే తప్పు వస్తుంది.

తర్వాతి కాటా రోజు బాపు ఫోన్ మోగింది. జేబులోంచి తూకం చిట్టీ తీసి, మెసేజ్ పక్కన పెట్టి, ఒక్కొక్క అంకే సరిచూసుకున్నాడు.