రామప్ప మదనిక పాదం, ఒక జూమ్ లెన్స్

రామప్ప గుడిలో గైడ్ చూరు కిందికి చెయ్యి చూపించి, "ఆ బొమ్మ కాళ్ళు చూడండి సార్, ఎత్తు మడమల చెప్పులు" అన్నాడు. గుంపులో ఉన్నవాళ్ళంతా ఫోన్లు పైకెత్తి వేళ్ళతో జూమ్ చేసుకున్నారు. మెడలో కెమెరా వేలాడుతున్నది నాకొక్కడికే. జూమ్ రింగ్ చివరిదాకా తిప్పాను. 55 దగ్గర ఆగిపోయింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే మదనిక అనే ఆ నాట్యకత్తె బొమ్మ బొటనవేలంత ఉంది. వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతోంది, ఆ నల్లరాయి ఇంకా నల్లబడింది. చెప్పులు ఎక్కడున్నాయో మళ్ళీ ఆ గైడే వచ్చి చూపించాలి.

నాది కెనన్ 200డి. దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తోనే మూడేళ్ళు నెట్టుకొచ్చాను. లెన్స్ చెడ్డదేం కాదు. 215 గ్రాములే కాబట్టి మెడకు భారం తెలియదు, వెలుతురుంటే ఫోటోలు కూడా శుభ్రంగా వస్తాయి. కానీ ఆ రోజు రాత్రే నిర్ణయించుకున్నాను, పదిహేను వేల లోపు ఇంకో లెన్స్ కొనాలని. ఒక్కటే ఉండాలి. గుడి, గుట్ట, చెరువు, పిల్లలు, అన్నిటికీ అదే సరిపోవాలి.

హనుమకొండలో మా వీధి చివర స్టూడియో నడిపే అన్న దగ్గరికి వెళ్ళాను. పెళ్ళిళ్ళు తీస్తాడు, పాతికేళ్ళ అనుభవం. నా కోరిక విని నవ్వాడు.

"ముందు నువ్వేం తీస్తవో చెప్పు తమ్మీ."

"అన్నీ తీస్తా అన్నా."

"అన్నీ ఎవ్వరూ తియ్యరు. పోయి నీ పాత ఫోటోలు చూస్కో."

చిరాకేసింది కానీ వెళ్ళి చూశాను. మనం ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశామో (లెన్స్ మీది 18, 55 అంకెలు అవే; అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది) ప్రతి ఫోటోలోనూ రాసి ఉంటుంది. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి డీటెయిల్స్ వ్యూ పెట్టి, ఫోకల్ లెంగ్త్ అనే కాలమ్ కలుపుకుంటే చాలు, వరసలో పెట్టేస్తుంది. మూడేళ్ళ ప్రయాణాల్లో ఏరి ఉంచుకున్నవి 1,340 ఫోటోలు. వాటిలో 55 దగ్గర తీసినవి 520, 18 దగ్గర తీసినవి 410. మధ్యలో ఉన్నదంతా కలిపితే 410. అంటే నేను ఎప్పుడూ రింగ్‌ని ఈ గోడకో ఆ గోడకో కొడుతూనే ఉన్నానన్నమాట.

55 దగ్గర ఇరుక్కుపోయానన్నది సరే, మరి ఎంతదాకా కావాలి? 135 చాలా, 250 కావాలా, 400 కావాలా? ఇక్కడ ఒక చిన్న లెక్క పనికొచ్చింది. నా కెమెరా ఫోటో వెడల్పు 6,000 పిక్సెళ్ళు. 55లో తీసిన ఫోటోలోంచి 2,444 పిక్సెళ్ళ వెడల్పు ముక్క కత్తిరిస్తే, అక్కడే నిలబడి 135లో తీస్తే వచ్చే ఫ్రేము అదే. 250కి అయితే 1,320 పిక్సెళ్ళ ముక్క, 400కి 825. రెండు ఆదివారాలు కూర్చుని ఆ 520 ఫోటోల మీదా ఈ చట్రాలు పెట్టి చూశాను. మా ఆవిడ ఒకసారి వచ్చి స్క్రీన్ చూసి, ఏమీ అనకుండా టీ పెట్టి వెళ్ళిపోయింది.

దాదాపు 380 ఫోటోలకు 135 చట్రం చాలింది. ఇంకో వంద దాకా 250 అడిగాయి. మిగిలినవన్నీ పాకాల చెరువు మీద పక్షులు, రెండు మూడు చందమామలు. ఆ నలభై చిల్లర కోసం 400 మోయాలా అన్నది ప్రశ్న.

అయినా మనసు ఊరుకోదు కదా. టామ్రాన్ 18-400 ఒకటి ఒక రోజుకు అద్దెకు తెచ్చాను. పాకాల తీసుకెళ్ళాను. అవతలి ఒడ్డు కొమ్మ మీద కూర్చున్న నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంటే కంటికి తెలియని ఈకలు కూడా కనిపించాయి. అబద్ధమెందుకు, గంటసేపు చిన్నపిల్లాణ్ణయిపోయాను. కానీ ఆ లెన్స్ 710 గ్రాములు. 453 గ్రాముల చిన్న బాడీకి తగిలిస్తే ముక్కు బరువుతో కెమెరా ముందుకు వాలిపోతుంది. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. పొద్దు వాలాక అసలు సంగతి బయటపడింది. 400 దగ్గర దాని అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కంత, ఎఫ్/6.3కి మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె చిన్నదైతే కంత పెద్దది), వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పెంచి చూపే సెట్టింగ్, పెంచుకుంటూ పోవాలి. ఇసుక చల్లినట్టు నాయిస్. పైగా ధర నా బడ్జెట్‌కి అందదు. తిరిగిచ్చేశాను.

ఇక అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి, ఉన్న 18-55కి తోడు 55-250 ఎస్‌టీఎం (ఎస్‌టీఎం అంటే ఫోకస్ మోటారు రకం) కొనుక్కోవడం. చవక, 375 గ్రాములు, షార్ప్‌గా ఉంటుంది, ముందు బిగించే ఫిల్టర్ సైజు కూడా 58 మి.మీ., నా దగ్గరున్నవే సరిపోతాయి. కాగితం మీద అదే గెలిచింది. రెండోది 18-135, ఒకే లెన్స్, 480 గ్రాములు.

నన్ను 18-135 వైపు తోసింది హంపి. అంతకుముందు ఏడాది స్నేహితుడి టెలి లెన్స్ అడిగి పట్టుకెళ్ళాను. మాతంగ కొండ మీద హోరుగాలిలో, ఒక లెన్స్ చంకలో పెట్టుకుని, ఇంకోటి బిగిస్తూ, మూత నోట కరుచుకుని నిలబడ్డాను. అప్పుడే సెన్సర్ మీద నలుసు పడింది. ఆ తర్వాత రెండు రోజులు తీసిన ప్రతి ఆకాశంలోనూ ఎడమవైపు ఒకేచోట బూడిదరంగు చుక్క. అదీగాక నేను లెన్స్ మార్చే లోపు పిల్లలు ఎటో పోతారు, ఆవిడ వాళ్ళ వెనకాల పోతుంది, చివరికి ఫోటోలో రాళ్ళే మిగులుతాయి. ఒంటరిగా తిరిగేవాళ్ళకైతే ఇప్పటికీ రెండు లెన్సులే మంచివంటాను. సంసారంతో తిరిగేవాడికి కుదరదు.

ఎఫ్/2.8 లెన్స్ తీసుకోమని కూడా ఒకరిద్దరు చెప్పారు. సిగ్మా 17-50 మంచి లెన్సే, గుడి లోపల చీకట్లో పనికొస్తుందన్నారు. కానీ దాని జూమ్ నా 18-55 ఉన్నచోటే ఆగిపోతుంది, మదనిక మళ్ళీ బొటనవేలే. పైగా రామప్ప మండపంలో స్తంభాలు ఎక్కడికీ పరిగెత్తవు. స్టెబిలైజర్ ఉంటే, ఊపిరి బిగబట్టి సెకనులో పదిహేనో వంతు షట్టర్‌తో కూడా శిల్పం నిలబడుతుంది. కదిలే పిల్లల్ని మాత్రం స్టెబిలైజర్ ఆపలేదు. అది ఆపేది మన చేతి వణుకునే. గుడి లోపల పరిగెత్తే మా చిన్నదాని ఫోటో ఒకటి పోతే పోయిందని సర్దుకున్నాను.

కొత్తది బడ్జెట్ దాటుతోంది కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు. 18-135లో కూడా రకాలున్నాయి. 2012లో ఎస్‌టీఎం వచ్చింది, 2016లో నానో యూఎస్ఎం మోటారుతో కొత్తది వచ్చింది. ఫోకస్ వేగం కొత్తదాంట్లో ఎక్కువ. గుళ్ళు తీసేవాడికి ఎస్‌టీఎం ధారాళంగా చాలు.

ఆన్‌లైన్‌లో దొరికిన ఒకాయన పన్నెండు వేలకే ఇస్తానన్నాడు. కలిశాం. బయటికి కొత్తదానిలా మెరిసిపోతోంది. స్టూడియో అన్న చెప్పినట్టు ఫోన్ టార్చ్ వెలిగించి వెనకవైపు నుంచి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూశాను. లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటి గీతలు. ఫంగస్. "క్లీన్ చేయిస్తే పోతుంది బ్రో" అన్నాడు. పోవచ్చు, కానీ గాజు మీది పూతను అప్పటికే తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. దండం పెట్టి వచ్చేశాను.

చివరికి హైదరాబాద్ వెళ్ళి కోఠి గుజరాతీ గల్లీలో పట్టుకున్నాను. షాపాయన రెండు ఎస్‌టీఎంలు కౌంటర్ మీద పెట్టాడు. టార్చ్ పరీక్షలో రెండూ పాసయ్యాయి. తర్వాత బ్యాగులోంచి దినపత్రిక తీసి గోడకు అంటించమంటే ఆయన వింతగా చూశాడు. పేపర్‌కి ఎదురుగా నిలబడి, అపర్చర్ పూర్తిగా తెరిచి, 18లో ఒకటి, 135లో ఒకటి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూశాను. మొదటిదాంట్లో కుడివైపు కింది మూల అక్షరాలు అలుక్కుపోయాయి, మిగతా మూడు మూలలూ బానే ఉన్నాయి. ఎప్పుడో కిందపడి లోపల గాజు పక్కకు జరిగి ఉంటుంది. రెండోదాంట్లో నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయి. పద్నాలుగు వేలు చెప్పాడు, పదమూడు వేల రెండొందలకు తెగింది. వారంలో తేడా వస్తే మార్చిస్తానని బిల్లు వెనక రాయించుకున్నాను.

ఒక్క ఖర్చు మాత్రం లెక్కలోకి రాలేదు. దీని ఫిల్టర్ సైజు 67. నా 58 పోలరైజర్ ఫిల్టర్ దీనికి పట్టదు. అది ఇప్పటికీ కొనలేదు, ఆ ఖర్చు సంగతి ఇంట్లో చెప్పలేదు కూడా.

తర్వాతి ఆదివారం పొద్దున్నే రామప్ప బయల్దేరాం. అదే చూరు, అదే మదనిక. వెనక తెల్లటి ఆకాశానికి మోసపోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచి, 135కి తిప్పి, మోచేతులు డొక్కలకు ఆనించి నొక్కాను. మడమ కింద ఎత్తు స్పష్టంగా ఉంది. రాతి మీద పాలిష్ మెరుపు కూడా వచ్చింది. గర్వంగా మా ఆవిడకు చూపించాను.

అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. మొహం ఏదీ?" అంది.